అతిథి ధర్మం, విద్యాలయ ధర్మం

ఘాజియాబాద్ ఒక సత్రం చుట్టూ పెరిగిన పట్టణం. మొగలు వజీరు ఘాజీ ఉద్దీన్ 1740లో ఇక్కడ 120 గదుల సరాయిని కట్టించి, ఆ చోటికి తన పేరిట ఘాజీ ఉద్దీన్ నగర్ అని నామకరణం చేశాడు. ఈయన దక్కను పాలకుడైన ఆసఫ్ జా కుమారుడని పాత గెజిటీరు పేర్కొన్నది. ఆ లెక్కన హైదరాబాదు నిజాముల వంశానికీ, ఢిల్లీ పొలిమేరలోని ఈ ఊరికీ ఒక చుట్టరికం ఉన్నట్లే. పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చాక ఊరి పేరు కుదించుకుపోయింది. సరాయి గదులు కాలగర్భంలో కలిసినా ఢిల్లీ గేట్, డాస్నా గేట్, సిహానీ గేట్ అనే పేర్లు మాత్రం జనం నోట నేటికీ నిలిచి ఉన్నాయి.

సరాయి ధర్మం సరళమైనది. వచ్చినవానికి గది, గుర్రానికి నీరు, రాత్రికి కాపలా. అతడిది ఏ కులమో, ఏ భాషో సరాయి అడగదు. అడగవలసిన అవసరమూ లేదు, తెల్లవారితే అతడు తన దారిన పోతాడు గనుక. చిక్కంతా వెళ్లిపోనివారు వచ్చినప్పుడే మొదలవుతుంది. దేశవిభజన నాడు పశ్చిమ పంజాబు నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. సాహిబాబాద్ పారిశ్రామిక వాడ పెరిగింది. 1974లో భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం ఏర్పడింది. 1976 నవంబరు 14న మీరట్ నుంచి విడివడి ఘాజియాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. బీహారు, ఉత్తరాఖండ్, బెంగాల్, కేరళ, జార్ఖండ్ ప్రాంతాల వారితోపాటు, బదిలీల మీదా ఉద్యోగాల వేటలోనూ వచ్చిన తెలుగువారు కూడా ఈ నగరంలో కాపురాలు పెట్టారు. వీరందరి పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునే చోట్లలో కాథలిక్ ప్రాథమిక పాఠశాల ఒకటి.

ఈ పాఠశాల స్థితి విచిత్రమైనది. ఉత్తరప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 2011 జనగణన ప్రకారం నూటికి ఒకరు కూడా లేరు. బడి ప్రహరీ దాటి వీధిలోకి వస్తే, ఆ బడిని నడిపే కన్యాస్త్రీలే ఈ ఊరికి అతిథులు. వారిలో చాలామంది కేరళ నుంచో, ఛోటానాగపూర్ కొండల నుంచో వచ్చి హిందీ నేర్చుకున్నవారు. అదే బడి గేటు లోపలికి అడుగుపెడితే వారు గృహస్థులు, ఊరివారు అతిథులు. బయట సంఖ్యాబలం ఉన్నవాడు లోపల దరఖాస్తు పట్టుకొని నిలబడతాడు. లోపల అధికారం ఉన్నవాడు బయట జాగ్రత్తగా మాట్లాడతాడు. అందువల్ల భిన్న సంస్కృతుల కుటుంబాలకు స్వాగతం పలకడమనే విషయం, ఎవరు ఎవరికి స్వాగతం పలుకుతున్నారన్న ప్రశ్నతోనే మొదలుకావలసి వస్తుంది.

క్రైస్తవ సంఘం లోపల కూడా ఏకరూపత లేదు. ఘాజియాబాద్ లాటిన్ ఆచారాన్ని అనుసరించే మీరట్ మేత్రాసనంలో భాగం. ఈ మేత్రాసనం 1956లో ఏర్పడింది. సిరో మలబారు ఆచారాన్ని పాటించే మలయాళీల కోసం ఫరీదాబాద్ కేంద్రంగా 2012లో వేరొక మేత్రాసనాన్ని స్థాపించారు. ఒకే నమ్మకం గల రెండు కుటుంబాలు ఆదివారం రెండు భాషల్లో, రెండు పద్ధతుల్లో పూజకు వెళ్తాయన్నమాట. కులం సంగతి సరేసరి. సంఘంలో దళితుల పట్ల వివక్ష కొనసాగుతున్నదని భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య 2016 నాటి తన విధాన పత్రంలో స్వయంగా అంగీకరించింది. కనుక ఇల్లు ఒక్కటే, వచ్చేవారే అనేకులు అనే చిత్రం ఆదిలోనే చెదిరిపోతుంది.

తెలుగువారికి ఈ బడులు కొత్తవి కావు. అన్సీ నుంచి వచ్చిన సెయింట్ జోసెఫ్ కన్యాస్త్రీలు 1849లో యానాంలో అడుగుపెట్టారు. గుంటూరులో జె.ఎం.జె. సంస్థ సిస్టర్లు 1904లో పని ప్రారంభించారు. వారి బడులకు హిందువుల ఆడపిల్లలు, ముస్లిముల ఆడపిల్లలు వెళ్లారు. అక్షరంతోపాటు కుట్టుపని, పాట, పరిశుభ్రత నేర్చుకున్నారు. కాలక్రమంలో 'కాన్వెంటు' అనే మాట మన భాషలో ఎంతగా కలిసిపోయిందంటే, గోడమీద సరస్వతి పటం ఉన్న ఏ చిన్న ఇంగ్లీషు మీడియం బడినైనా తెలుగు ఊళ్లలో కాన్వెంటు అనే పిలిచారు. కన్యాస్త్రీల మఠానికి చెందిన మాట మఠాన్ని విడిచి ఇంగ్లీషును పట్టుకొని మిగిలింది. తల్లిదండ్రులు ఆ గేటు దగ్గరికి దేనికోసం వస్తారో ఈ ఒక్క మాట చెప్పకనే చెబుతుంది. ఆ సంగతి ఆతిథేయులకూ తెలుసు. ఇరుపక్షాలకూ తెలిసిన ఈ విషయాన్ని ఇద్దరూ పైకి అనరు.

ఇక అతిథి అనే భావనలోకి వెళ్లాలి. అతిథిని దైవంగా చూడమని తైత్తిరీయోపనిషత్తు బోధించింది. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళలో వచ్చిన బాటసారులకు సైతం కులమతాలు అడగకుండా అన్నం పెట్టారు. 1909లో ఆమె మరణించినా ఆ కీర్తి నేటికీ తరగలేదు. ఈ సంప్రదాయం గొప్పది, సందేహం లేదు. అయితే ఇందులో అతిథికీ ఒక ధర్మం ఉంది. పెట్టింది తినాలి. రుచిని విమర్శించకూడదు. వంటింట్లోకి తొంగిచూడకూడదు. సకాలంలో సెలవు తీసుకోవాలి. ఒక పూటకు ఈ నియమాలన్నీ మర్యాదలే. నాలుగేళ్ల వయసులో చేరి పదేళ్లకుపైగా అదే ప్రాంగణంలో పెరిగే బిడ్డకు ఇవే నియమాలు వర్తింపజేస్తే అది మర్యాదగా మిగలదు. ఏళ్ల తరబడి అతిథిగా ఉండడమంటే, ఆ ఇంట ఏనాటికీ నోరు విప్పే హక్కు రాదని అర్థం.

అందుచేత పాఠశాల విషయంలో స్వాగతానికి కొలమానం గేటు దగ్గర దొరకదు. అది రెండో ఏడాదిలో, మూడో ఏడాదిలో, చాలా చిన్న విషయాల్లో దొరుకుతుంది.

ఉదాహరణకు శ్రీకాకుళం ప్రాంతం నుంచి బదిలీపై వచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. తండ్రి దరఖాస్తు నింపుతాడు. అందులో మొదటి పేరు, ఇంటిపేరు అని రెండు గడులు ఉంటాయి. తెలుగు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటుంది, పెట్టిన పేరు వెనక ఉంటుంది. చూసిన గుమాస్తా కాగితంలో మొదట ఉన్నదే మొదటి పేరు అనుకొని ఎక్కించుకుంటాడు. పప్పులవారి సూర్యనారాయణ ఆనాటి నుంచి బడిలో 'పప్పుల'. హిందీలో పప్పు అంటే ఏమర్థమో తెలిసిన తోటిపిల్లలు ఊరుకోరు. వాడి చెల్లెలు బడిలో చేరితే ఆమె కూడా పప్పులే. ఇంట్లో సూరి అనీ, నాన్నా అనీ పిలిపించుకునే బిడ్డ రోజుకు ఆరేడు గంటలు వంశం పేరుతో బతుకుతాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. టీచరు సౌమ్యురాలే కావచ్చు, ప్రిన్సిపాలు దీపావళికి దీపం వెలిగించే ఉదారురాలే కావచ్చు. కానీ ఉత్తరాది పేర్ల వరసే లోకమంతటి వరస అని ఆ పత్రం అనుకుంటున్నది. ఆ తండ్రి వెళ్లి సరిచేయమని అడగగలడా, అడిగితే రికార్డు మార్చడం కుదరదని అంటారా, లేక పత్రంలోని ఆ రెండు గడుల్నే మారుస్తారా అన్నది నిజమైన పరీక్ష. ఇలాంటి చోట నాట్య ప్రదర్శనలతో జరిపే వైవిధ్య దినోత్సవం కన్నా గుమాస్తా కలమే ఎక్కువ పని చేస్తుంది.

తల్లిదండ్రుల సమావేశం మరొకటి. తల్లికి తెలుగు తప్ప మరో భాష ధారాళంగా రాదు. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. టీచరు చెప్పే ఫిర్యాదును తల్లికి తెలుగులో వినిపించవలసినవాడు, ఆ ఫిర్యాదుకు కారకుడైన ఏడేళ్ల కొడుకే. వాడు ఎంత నిజాయితీగా అనువదిస్తాడో ఊహించడం కష్టం కాదు. నవ్వు తెప్పించే ఈ దృశ్యంలో నొప్పి కూడా ఉంది. బిడ్డ ఎదుట తల్లి మూగదవుతుంది. తల్లికి తెలియనిది తనకు తెలుసునన్న గర్వం, ఆమె తన వెంట రావడం చిన్నతనమన్న సిగ్గు బిడ్డలో ఒకేసారి మొలుస్తాయి. ఇంగ్లీషు తప్ప మరేమీ మాట్లాడరాదన్న నియమం ఉన్న బడుల్లో ఈ సిగ్గుకు పాఠశాల ముద్ర కూడా పడుతుంది. వీలైనంత వరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. ఘాజియాబాద్‌లోని బడిలో తెలుగు బోధించమని ఎవరూ కోరరు, అది సాధ్యమూ కాదు. కానీ ఆ తల్లి మాట్లాడే భాష భాషేనని బిడ్డకు తెలిసేలా ప్రవర్తించడానికి ప్రత్యేక బడ్జెట్ అక్కరలేదు.

చట్టం ఈ విషయంలో ఎంతవరకు దారి చూపుతుంది? మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు గాని, సాయం గాని పొందిన సంస్థలో సంరక్షకుని సమ్మతి లేకుండా ఏ బిడ్డనూ మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టరాదని 28వ అధికరణ నిర్దేశించింది. ప్రభుత్వ సాయానికీ మతబోధకూ ముడిపెట్టరాదన్న ఆలోచన మనకు 1854 నాటి ఉడ్స్ తాఖీదులోనే కనిపిస్తుంది. కేరళ విద్యా బిల్లుపై 1958లో అభిప్రాయం చెబుతూ సుప్రీంకోర్టు, బయటివారిని కొందరిని చేర్చుకున్నంత మాత్రాన సంస్థకు మైనారిటీ స్వభావం పోదని స్పష్టం చేసింది. అప్పటి న్యాయమూర్తుల మనసులో ఉన్నది కొద్దిపాటి చిలకరింపు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం క్రైస్తవ సంస్థల బడుల్లో చదివేవారిలో సుమారు 74 శాతం క్రైస్తవేతరులు. చిలకరింపు కాస్తా ప్రవాహమైంది.

మరొక మలుపు కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల మొదటి తరగతిలో కనీసం 25 శాతం స్థానాలను బలహీన వర్గాల, వెనుకబడిన వర్గాల పిల్లలకు కేటాయించమన్నది. చేర్చుకునే వేళ బిడ్డను గాని, తల్లిదండ్రులను గాని వడపోయరాదని 13వ సెక్షనులో నిషేధించింది. 2014 మే 6న ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పును సందేహించి, విస్తృత ధర్మాసనం పరిశీలనకై నివేదించారు. న్యాయనిర్ణయం ఎలా ఉండబోతున్నా, నైతిక ప్రశ్న దాని కోసం ఆగదు. ప్రమతి తీర్పు తరువాత పేద బిడ్డను చేర్చుకొమ్మని ఈ బడిని బలవంతపెట్టే అధికారి లేడు. తల్లికి ఇంగ్లీషు వచ్చా అని అడగవద్దనే సెక్షనూ లేదు. ఇక మిగిలినది ప్రిన్సిపాలు గదిలో, తలుపులు మూసుకున్న తరువాత జరిగే నిర్ణయం. బలవంతం లేని చోటనే ఒక సంస్థ శీలం బయటపడుతుంది.

ఆతిథేయుల పక్షాన ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలికగా తోసివేయడానికి వీల్లేదు. రాజ్యాంగం ఆ హక్కును ఇచ్చినది ఒక చిన్న సమాజం తన బిడ్డలను తన విశ్వాసంలో పెంచుకోవడానికి. జార్ఖండ్ నుంచి వచ్చి అపార్టుమెంట్లలో ఇంటిపనులు చేసుకునే ఉరావ్, ముండా, ఖడియా క్రైస్తవ స్త్రీలు ఢిల్లీ చుట్టుపక్కల అనేకమంది ఉన్నారు. అలాంటి తల్లి తన కూతురిని తీసుకొని వస్తే, ఫీజు చెల్లించగల అన్యమతస్థుల పిల్లలతో స్థానాలు నిండిపోయి ఉండవచ్చు. అప్పుడు బడి వైవిధ్యాన్ని ఆహ్వానించినట్లా, డబ్బును ఆహ్వానించినట్లా? పైన చెప్పిన 2021 నివేదికే, మైనారిటీ బడుల విద్యార్థుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడినవారు 8.76 శాతం మాత్రమేనని కూడా పేర్కొన్నది. పంజాబీ, బెంగాలీ, తెలుగు, మలయాళీ అని లెక్క చూపి వైవిధ్యం ఉన్నదని సంతోషించవచ్చు. ఆ నలుగురి తండ్రుల జీతాలూ ఒకే స్థాయిలో ఉంటే ఆ తరగతి గదిలో ఉన్నది నాలుగు భాషలు మాట్లాడే ఒకే వర్గం. సంస్కృతి పేరుతో జరిగే చర్చలు ఈ లెక్కను చాలాసార్లు మరుగుపరుస్తాయి.

కోల్‌కతాలోని లొరెటో సియాల్దా పాఠశాల ఈ ప్రశ్నకు వేరొక సమాధానం వెతికింది. ఐర్లండ్‌లో జన్మించిన సిస్టర్ సిరిల్ మూనీ 1979లో ఆ బడి బాధ్యత స్వీకరించిన తరువాత, ఫీజు కట్టలేని బాలికల సంఖ్యను క్రమంగా పెంచుతూ సుమారు సగానికి తెచ్చారు. రైలుస్టేషను పరిసరాల్లో, వీధుల్లో బతికే పిల్లలకు బడి భవనంలోనే చోటిచ్చారు. 'రెయిన్‌బో' పిల్లలని వారికి పేరు. ఫీజు కట్టి చదువుకునే బాలికలు తమ పాఠశాల వేళల్లోనే వీరికి చదువు చెప్పడం అక్కడి ఏర్పాటు. ఆమెకు 2007లో పద్మశ్రీ లభించింది. ఇక్కడ గమనించవలసినది దయాగుణం ఒక్కటే అయితే కథ పాతదే. కొత్తవారి కోసం పాతవారి దినచర్య మారింది. గణితం పీరియడు ఎప్పుడు, మేడమీది గది ఎవరిది, పరీక్షల ముందు సమయం ఎవరికి ఇవ్వాలి అన్నవన్నీ తిరిగి తేల్చుకోవలసి వచ్చింది. ఇంటి సామాను కదలకుండా ఎవరినైనా ఇంట్లో ఉంచుకోవడం సాధ్యమైతే, అది వరండాలో ఉంచుకోవడమే.

ప్రార్థన విషయానికి వస్తే సమస్య మరింత సున్నితమవుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన పత్రాల్లో ఒకటి, ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ చర్చి తిరస్కరించదని ప్రకటించింది. అదే రోజు వెలువడిన విద్యా ప్రకటన, క్రైస్తవేతరులు కూడా చదువుకునే బడులను ఆదరంతో ప్రస్తావించింది. మన దేశ పీఠాధిపతుల సమాఖ్య 2024 ఏప్రిల్‌లో కాథలిక్ బడులకు మార్గదర్శకాలు జారీచేసింది. ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ ఆచారాలను రుద్దరాదు. ఉదయం సమావేశంలో రాజ్యాంగ పీఠికను చదివించాలి. ప్రధాన ద్వారం వద్ద దానిని ప్రదర్శించాలి. వీలైన చోట సర్వధర్మ ప్రార్థనాలయం నెలకొల్పాలి. ఒత్తిళ్ల నడుమ వెలువడిన పత్రమే అయినా, అందులోని విషయం ఒత్తిడి లేకున్నా చేయదగినదే. సర్వధర్మ ప్రార్థనాలయం గురించి మాత్రం కొంత సందేహం కలుగుతుంది. వేరే గది కట్టడం సులభం. అది సరాయి పద్ధతి. ఉదయం పూట అందరూ కలిసి నిలబడిన మైదానంలో, చేతులు జోడించని బిడ్డను ఎలా చూస్తారన్నదే కష్టమైన భాగం.

ఈ కష్టమైన భాగం మీద మన దేశంలో వెలువడిన ఉత్తమమైన ఆలోచన ఒక తెలుగు న్యాయమూర్తిది. 1985 జూలైలో కేరళలోని ఒక ఉన్నత పాఠశాల నుంచి యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులను తొలగించారు. జాతీయగీతం పాడేటప్పుడు వారు లేచి గౌరవంగా నిలబడేవారు; పాడేవారు మాత్రం కాదు. తమ విశ్వాసం దేవుని ప్రార్థన తప్ప మరొక దానిలో గొంతు కలపనివ్వదని వారి నమ్మకం. ఆ బడి క్రైస్తవులది కాదు, నాయర్ సర్వీస్ సొసైటీది. కనుక ఈ పరీక్ష ఒక్క కాథలిక్ బడికే పరిమితం కాదు. కేరళ హైకోర్టు పిల్లల వాదనను తోసిపుచ్చింది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. గౌరవంగా నిలబడడం ద్వారా వారు గీతాన్ని అవమానించలేదనీ, ఆ నమ్మకం న్యాయమూర్తులకు సహేతుకంగా తోచాలన్న నియమం లేదనీ, అది నిజాయితీతో కూడినదైతే చాలుననీ ఆ తీర్పు సారాంశం. రాయలసీమ నుంచి వెళ్లిన ఆ న్యాయమూర్తి ఆ పిల్లల విశ్వాసంతో ఏకీభవించారని ఎవరూ అనుకోనక్కరలేదు. ఏకీభవించకుండానే చోటివ్వడం ఆ తీర్పులోని బలం.

కలిసి నిలబడి, కలిసి పాడకుండా ఉండే వీలు ఈ తీర్పు చూపిన మధ్యమార్గం. కాథలిక్ బడికి దీనిని అన్వయిస్తే, ఆతిథేయులు తమ ప్రార్థనను దాచుకోవలసిన పని లేదు. శిలువ గోడ మీద ఉండవచ్చు, మరియమాత విగ్రహం తోటలో ఉండవచ్చు, క్రిస్మసుకు పశువుల పాక కట్టవచ్చు. తన ముఖం చెరుపుకొన్న ఇల్లు అతిథికి కూడా ఇల్లనిపించదు. ఆ పాకను తీసివేయమని కోరే తల్లిదండ్రులు స్వాగతాన్ని కోరుతున్నవారు కారు, ఇంటినే కోరుతున్నారు. అదే తల్లిదండ్రులు తమ బిడ్డను ఆ నాటకంలో దేవదూత వేషానికి బలవంతపెట్టవద్దని చెబితే మాత్రం, ఆ మాటను నొచ్చుకోకుండా వినడం బడి బాధ్యత. నొచ్చుకోకుండా అన్నది ఇక్కడ ముఖ్యం. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకొని, సంతకం చేయనివారి బిడ్డను ఆ తరువాత ఏడాది పొడవునా చల్లని చూపుతో చూస్తే 28వ అధికరణ అక్షరాలా అమలైనట్లే, సారంలో ఓడిపోయినట్లే.

మీరట్ సమీపంలోని సర్ధనాలో ఈ ఇచ్చిపుచ్చుకోలుకు ఒక పాత సాక్ష్యం నిలిచి ఉంది. ముస్లిం కుటుంబంలో పుట్టి, 1781లో కాథలిక్ జ్ఞానస్నానం పొందిన బేగం సమ్రూ కట్టించిన చర్చి అది; 1961లో బసిలికా హోదా పొందింది. నవంబరులో జరిగే మరియమాత ఉత్సవానికి చుట్టుపక్కల గ్రామాల హిందువులు, ముస్లిములు కూడా వెళ్తారు. వారెవ్వరూ ఆ గుడిని తమది కాదనుకొని వెళ్లరు. పూర్తిగా తమదే అని కూడా అనరు. మొక్కు తీర్చుకొని, పిల్లలకు బొమ్మలు కొనిపెట్టి తిరిగి వస్తారు. అయితే ఉత్సవం ఒక్క రోజుది. బడి ఏడాదిలో రెండువందల రోజులకు పైగా నడుస్తుంది.

ఆ రెండువందల రోజుల నిర్ణయాలు ఎవరు చేస్తారన్న చోట ఈ చర్చ ఆగక తప్పదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది స్త్రీలు ఉండాలనీ విద్యాహక్కు చట్టం 21వ సెక్షను చెబుతుంది. సాయం పొందని ప్రైవేటు బడికి ఆ నియమం లేదు. ఘాజియాబాద్‌లోని ఒక కాథలిక్ బడి తనంతట తానుగా అలాంటి ఒక సంఘాన్ని ఏర్పాటు చేసి, అందులో ఒక కుర్చీని అపార్టుమెంట్లలో పనిచేసే ముండా స్త్రీకీ, మరొక దానిని హిందీ సరిగా రాని తెలుగు తల్లికీ ఇస్తే, మొదటి సమావేశం చాలా నెమ్మదిగా సాగుతుంది. ఒకరి మాట మరొకరికి చేరడానికి ఇద్దరు దుబాసీలు కావాలి. ఎజెండాలోని పది అంశాల్లో మూడింటికి మించి పూర్తికావు. ఆ మూడింటిలో దరఖాస్తు పత్రంలోని పేర్ల గడులు ఒకటి కావచ్చు.